క్రాన్ పనుల అవుట్‌పుట్, ఎర్రర్ మెసేజ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రాన్ అంటే లినక్స్‌లో పనులను చెప్పిన వేళకు తనంతట తానే నడిపే ప్రోగ్రాం; ఆ పనుల జాబితా రాసే ఫైల్ క్రాన్‌ట్యాబ్. రాత్రి రెండున్నరకు బ్యాకప్ నడిచే వేళ టెర్మినల్ ముందు ఎవరూ ఉండరు. అది చెప్పిన మాట ఎటు పోతుంది, దాన్ని ఎలా పట్టుకోవాలి, ఎప్పుడు పట్టించుకోవాలి అన్నవే ఇక్కడి ప్రశ్నలు. జవాబులన్నిటి వెనకా ఒకటే పట్టుదల ఉంది: పని సవ్యంగా జరిగితే ఒక్క మాటా రాకూడదు, చెడితే మాట రాకుండా ఉండకూడదు.

కమాండ్లు, ఫైల్ దారులు, ఎర్రర్ మెసేజ్‌లు ఇక్కడ తెలుగు లిపిలో, పలికే తీరులో రాశాం. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టాలి. క్రాన్‌ట్యాబ్‌లో రాసే మెయిల్‌టు, పాత్, షెల్ లాంటి వేరియబుల్ పేర్లు మాత్రం పెద్దక్షరాల్లో ఉండాలి. అంకెలు, గుర్తులు ఉన్నవి ఉన్నట్టే.

క్రాన్ నడిపిన పని అవుట్‌పుట్ మామూలుగా ఎక్కడికి పోతుంది?

మెయిల్‌కి. స్టాండర్డ్ అవుట్‌పుట్ (1), స్టాండర్డ్ ఎర్రర్ (2) రెండింటినీ క్రాన్ పట్టుకుంటుంది. వాటిలో ఒక్క బైట్ వచ్చినా, పని ముగిశాక మొత్తాన్ని ఒక మెయిల్‌గా చుట్టి ఆ క్రాన్‌ట్యాబ్ సొంతదారుకు పంపుతుంది. ఏమీ రాకపోతే మెయిల్ లేదు. మెయిల్ అదే మెషీన్‌లో ఉండిపోతే /వార్/మెయిల్ డైరెక్టరీలో మీ యూజర్ పేరుతో ఉన్న ఫైల్‌లో దొరుకుతుంది. లాగిన్ కాగానే కొత్త మెయిల్ ఉందని వచ్చే మాట చాలాసార్లు దీని గురించే.

ఈ రోజు లినక్స్‌లో ఎక్కువగా కనిపించే క్రాన్‌లకు మూలం పాల్ విక్సీ 1987లో రాసిన ప్రోగ్రాం. లాగిన్ అయిన మెషీన్‌లోనే మెయిల్ చదువుకునే రోజులవి. ఆ ఏర్పాటు అలాగే నిలిచింది, మన అలవాటే మారింది. అందుకే ఎన్నో సర్వర్లలో రూట్ (అన్ని హక్కులూ ఉన్న యూజర్) మెయిల్ పెట్టె ఎవరూ తెరవకుండా నెలల తరబడి పెరుగుతూ ఉంటుంది.

పని విఫలమైంది, మెయిల్ రాలేదు. ఎందుకు?

మెయిల్ పంపాలా వద్దా అని తేల్చేటప్పుడు క్రాన్ ఎగ్జిట్ కోడ్ (పని ముగుస్తూ ఇచ్చే అంకె; సున్నా అంటే సవ్యం, మరేదైనా వైఫల్యం) చూడదు, అవుట్‌పుట్ ఉందా లేదా అన్నదే చూస్తుంది. చడీచప్పుడు లేకుండా కోడ్ 1తో ముగిసిన పనికి మెయిల్ రాదు. సున్నాతో చక్కగా ముగిసినా "పూర్తయింది" అని ఒక లైన్ రాస్తే వస్తుంది. మనకు కావలసింది సరిగ్గా దీనికి తలకిందులు. ఇక్కడి చిట్కాల్లో సగం ఆ తేడాను సరిచేయడానికే.

సర్వర్‌లో మెయిల్ ఏర్పాటే లేకపోతే?

అవుట్‌పుట్ పోతుంది. డెబియన్, ఉబుంటులలో క్రాన్ లాగ్‌లో "నో ఎంటీఏ ఇన్‌స్టాల్డ్, డిస్కార్డింగ్ అవుట్‌పుట్" అన్న లైన్ కనిపిస్తే జరిగింది ఇదే. ఎంటీఏ అంటే మెయిల్ చేరవేసే ప్రోగ్రాం. చెప్పాల్సిన మాట ఉంది గానీ చేరవేసేవాడు లేడు.

బయటికి పంపడం ఒక్కటే అవసరమైతే పెద్ద మెయిల్ సర్వర్ అక్కర్లేదు. ఎంఎస్ఎంటీపీ అన్న చిన్న ప్రోగ్రాం చాలు. డెబియన్‌లో దాని ఎంటీఏ ప్యాకేజీ కూడా పెట్టాలి, ఎందుకంటే క్రాన్ వెతికేది సెండ్‌మెయిల్ అన్న పేరు కోసం. ఆ పేరును ఇచ్చేది ఆ ప్యాకేజీయే. పెట్టాక మూడు చోట్ల తట్టుకుంటారు.

మొదటిది పోర్ట్. క్లౌడ్ మెషీన్ల నుంచి బయటికి వెళ్లే 25వ పోర్ట్‌ను అమెజాన్, గూగుల్ క్లౌడ్ మామూలుగా మూసే ఉంచుతాయి. కాబట్టి 587 మీద లాగిన్‌తో పంపాలి. జీమెయిల్ ద్వారా పంపేటట్టయితే రెండంచెల వెరిఫికేషన్ ఆన్ చేసి, యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. రెండోది పంపేవారి చిరునామా: రూట్ పేరు, పక్కన మెషీన్ పేరు ఉన్న మెయిల్‌ను అవతలి సర్వర్ తిప్పికొట్టడమో స్పామ్‌లో పడేయడమో చేస్తుంది. మీ లాగిన్‌కు హక్కున్న చిరునామాయే పెట్టండి. మూడోది ఏలియాస్: రూట్‌కు వచ్చినవన్నీ మీ అసలు చిరునామాకు మళ్లేలా /ఈటీసీ/ఏలియాసెస్‌లో ఒక లైన్ రాయాలి. పోస్ట్‌ఫిక్స్ వాడేవారు ఆ తర్వాత న్యూఏలియాసెస్ కమాండ్ నడపడం మరచిపోతారు.

మెయిల్ ఎవరికి పోవాలో చెప్పే మెయిల్‌టు లైన్ ఎక్కడ రాయాలి?

పని లైన్‌కు పైన. క్రాన్‌ట్యాబ్‌లో వేరియబుల్ తన కింది లైన్లకే వర్తిస్తుంది కాబట్టి, ఒకే ఫైల్‌లో ముందు ఒక చిరునామా పెట్టి కొన్ని పనులు, తర్వాత ఇంకొకటి పెట్టి మరికొన్ని రాసుకోవచ్చు. రెండు చిరునామాల మధ్య కామా చాలు, ఖాళీ వద్దు. విలువగా "" పెడితే కింది పనులన్నిటికీ మెయిల్ ఆగిపోతుంది.

ఇంకో మాట. క్రాన్‌ట్యాబ్‌లోని వేరియబుల్ లైన్‌ను షెల్ (కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాం) చదవదు. పాత్ (కమాండ్లను వెతికే డైరెక్టరీల జాబితా) విలువలో పాత పాత్‌ను డాలర్ గుర్తుతో పిలిస్తే అది విప్పుకోదు, అక్షరాలుగానే ఉండిపోతుంది. పూర్తి జాబితా రాయాలి.

లైన్ చివర "> /డెవ్/నల్ 2>&1" పెట్టమని అందరూ చెబుతారు. పెట్టాలా?

వద్దు. అది అవుట్‌పుట్‌తో పాటు ఎర్రర్లనూ నూతిలో పడేస్తుంది. డిస్క్ నిండినా, పాస్‌వర్డ్ గడువు తీరినా, ఫైల్ పేరు మారినా ఒక్క అక్షరం బయటికి రాదు. బ్యాకప్ అవసరం పడిన రోజున, ఆఖరి ఫైల్ ఆర్నెల్ల కిందటిదని తేలుతుంది.

అయితే ఆ లైన్ పెట్టేవారి బాధ నిజమైనదే. రోజూ "అంతా బాగుంది" అని యాభై మెయిళ్లు వస్తే చదవకుండా చెరిపేయడం అలవాటవుతుంది. నాన్నా పులి కథలో లాగా, నిజంగా పులి వచ్చిన రోజున కూడా ఎవరూ తలెత్తి చూడరు. మందు మాత్రం నోరు మూయడం కాదు. కనీసం "> /డెవ్/నల్" వరకు ఉంచి "2>&1" తీసేయండి; మామూలు మాటలు పోతాయి, ఎర్రర్లు మెయిల్‌కి వస్తాయి. ఇంకా మంచి పద్ధతి ఇది:

30 2 * * * /ఆప్ట్/పనులు/బ్యాకప్ > /వార్/లాగ్/పనులు/బ్యాకప్ 2>&1 || { ఎకో "ఎగ్జిట్ కోడ్ $?"; క్యాట్ /వార్/లాగ్/పనులు/బ్యాకప్; }

ప్రతి రాత్రీ మొత్తం అవుట్‌పుట్ ఒక ఫైల్‌లో పడుతుంది. పని సున్నాతో ముగిస్తే అంతటితో సరి. వేరే కోడ్ వస్తే ఆ కోడ్, ఫైల్‌లోని మాటలు రెండూ బయటికొస్తాయి, క్రాన్ వాటిని మెయిల్ చేస్తుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సింది ఏమీ లేదు. ఎకోను తీసేయకండి: ఏమీ చెప్పకుండా విఫలమైన పనికి ఫైల్ ఖాళీగా ఉంటుంది, ఖాళీ ఫైల్‌ను చూపిస్తే మెయిల్ పుట్టదు.

ఇదే పని చేసిపెట్టే రెడీమేడ్ ప్రోగ్రాం ఉందా?

మోర్‌యూటిల్స్ ప్యాకేజీలో క్రానిక్ ఉంది. కమాండ్ ముందు ఆ మాట పెడితే, పని విఫలమైనప్పుడు మాత్రమే అవుట్‌పుట్‌ను వదులుతుంది. చిన్న వీ ఆప్షన్‌తో వాడండి. అప్పుడు రెండు అవుట్‌పుట్‌లనూ విడివిడిగా చూపి, ఎగ్జిట్ కోడ్ కూడా రాస్తుంది. ఆ ఆప్షన్ లేకపోతే, మాట లేకుండా విఫలమైన పనికి క్రానిక్ కూడా మాట లేకుండానే ముగుస్తుంది. ఎగ్జిట్ కోడ్ నమ్మలేని ప్రోగ్రాంలకు చిన్న ఈ ఆప్షన్ ఉంది. స్టాండర్డ్ ఎర్రర్‌లో ఏదైనా వస్తే దాన్ని వైఫల్యంగానే లెక్కేస్తుంది.

"2>&1" ముందు రాయాలా, వెనక రాయాలా?

ఫైల్ పేరు తర్వాత. షెల్ ఈ మళ్లింపులను ఎడమ నుంచి కుడికి చేస్తుంది. "> ఫైల్ 2>&1" అంటే ముందు 1ని ఫైల్‌కి తిప్పు, తర్వాత 1 ఇప్పుడెటు పోతోందో 2ని అటు పంపు. "2>&1 > ఫైల్" అని రాస్తే 2 వెళ్లేది 1 పాత దారికి, అంటే మెయిల్‌కి; ఫైల్‌లో మామూలు మాటలే ఉంటాయి. ఇలా తిరగేసి రాయడం తప్పేమీ కాదు, మీకు కావలసింది అదే అయితే.

"&>" వాడితే ఫైల్ ఖాళీగా వస్తోంది, మెయిల్ మాత్రం వస్తోంది.

అది బాష్ లాంటి కొన్ని షెల్‌లకే తెలిసిన రాత. క్రాన్ వాడేది /బిన్/ఎస్‌హెచ్. డెబియన్, ఉబుంటులలో అది డ్యాష్ అన్న వేరే షెల్. డ్యాష్ కంటికి "&" అంటే పనిని వెనక్కి పంపు, ">" అంటే ఫైల్‌ను ఖాళీ చెయ్యి. రెండూ చక్కగా చేస్తుంది, ఎర్రర్ ఇవ్వదు. పని వెనక నడుస్తుంది కాబట్టి ఎగ్జిట్ కోడ్ కూడా చేజారుతుంది. పాత రాతే రాయండి, లేదా క్రాన్‌ట్యాబ్ పైన షెల్ విలువగా /బిన్/బాష్ పెట్టండి.

లాగ్ పేరులో తేదీ పెడితే కోట్ మూసుకోలేదని ఎర్రర్ వస్తోంది.

శాతం గుర్తు వల్ల. క్రాన్‌ట్యాబ్ లైన్‌లో "%" అంటే కొత్త లైన్. మొదటి "%" దగ్గర కమాండ్ తెగిపోయి, మిగిలినదంతా ఆ పనికి స్టాండర్డ్ ఇన్‌పుట్‌గా వెళ్తుంది. అందుకే డేట్ కమాండ్ ఫార్మాట్ సగంలో విరుగుతుంది. ప్రతి శాతం ముందూ బ్యాక్‌స్లాష్ పెట్టాలి: "\%". ఇంకా మేలు, తేదీ వ్యవహారమంతా స్క్రిప్ట్ లోపలికి తీసుకుపోవడం. క్రాన్‌ట్యాబ్ లైన్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

డేటాబేస్ డంప్‌ను, కుదించే ప్రోగ్రాం జీజిప్‌కి పైప్ చేస్తున్నాం (ఒకదాని అవుట్‌పుట్‌ను నేరుగా ఇంకోదానికి అందిస్తున్నాం). డంప్ విఫలమైనా ఎగ్జిట్ కోడ్ సున్నాయే వస్తోంది.

పైప్ మొత్తానికి కోడ్ ఇచ్చేది చివరి కమాండ్. డంప్ ప్రోగ్రాం లాగిన్ కాలేక మొదట్లోనే చచ్చిపోయినా, జీజిప్ తనకు అందిన సున్నా బైట్లను నమ్మకంగా కుదించి, సున్నా కోడ్‌తో ముగుస్తుంది. ఫలితం 20 బైట్ల ఫైల్. బ్యాకప్ డైరెక్టరీలో 20 బైట్ల జీజిప్ ఫైళ్లు వరుసగా కనిపిస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. జీజిప్ చిన్న టీ ఆప్షన్‌తో పరీక్షించినా ఆ ఫైల్ పాసవుతుంది, ఎందుకంటే అది చెడిపోయిన ఫైల్ కాదు, ఖాళీ ఫైల్.

స్క్రిప్ట్ మొదటి లైన్‌లో బాష్ పెట్టి, కింద సెట్ కమాండ్‌తో మూడు ఆన్ చేయండి: చిన్న ఈ (ఒక కమాండ్ విఫలమైతే ఆగు), చిన్న యూ (విలువ లేని వేరియబుల్ వాడితే ఆగు), పైప్‌ఫెయిల్ (పైప్‌లో ఎవరు విఫలమైనా మొత్తం విఫలం). తర్వాత డంప్‌ను నేరుగా అసలు పేరుకు రాయకండి. తాత్కాలిక పేరుతో రాసి, సైజు మీరనుకున్న కనీసానికి మించిందో లేదో చూసి, అప్పుడు పేరు మార్చండి. అలా చేస్తే సగంలో ఆగిన ఫైల్ నిన్నటి మంచి ఫైల్‌ను తొక్కేయదు.

చిన్న ఈ ఆప్షన్‌ను మరీ నమ్ముకోవద్దు. ఇఫ్ షరతులో ఉన్న కమాండ్‌కూ, "||" ఎడమవైపు ఉన్నదానికీ అది వర్తించదు. ఒక ఫంక్షన్‌ను అలాంటి చోట పిలిస్తే, లోపలి కమాండ్లన్నిటికీ ఆ రక్షణ పోతుంది.

లాగ్ ఫైల్ పెట్టుకుంటే గుర్తుంచుకోవాల్సినవి?

">" ప్రతిసారీ ఫైల్‌ను తుడిచి మొదలుపెడుతుంది, ">>" చివర చేరుస్తుంది. మళ్లింపు కమాండ్ కంటే ముందే జరుగుతుంది. మామూలు యూజర్ క్రాన్‌ట్యాబ్ నుంచి /వార్/లాగ్‌లోకి రాయబోతే "పర్మిషన్ డినైడ్" వస్తుంది, అప్పుడు అసలు పనే మొదలవదు. "లాగ్ రాకపోతే పోనీ, బ్యాకప్ అయితే అయి ఉంటుందిలే" అనుకోవడం ఇక్కడ ప్రమాదం. రూట్‌గా ఒక ఉపడైరెక్టరీ చేసి, దాని హక్కు ఆ యూజర్‌కు ఇవ్వండి.

చేరుస్తూ పోయే ఫైల్‌కు, పాత లాగ్‌లను పక్కకు తీసి కొత్తది మొదలుపెట్టే లాగ్‌రొటేట్ తప్పనిసరి. /ఈటీసీ/లాగ్‌రొటేట్.డి డైరెక్టరీలో చిన్న ఫైల్ చాలు: వీక్లీ, రొటేట్ 8, కంప్రెస్, మిస్సింగ్‌ఓకే, నాట్‌ఇఫ్ఎంప్టీ. రెండు నెలల చరిత్ర మిగులుతుంది. క్రాన్ పని ప్రతిసారీ ఫైల్‌ను కొత్తగా తెరుస్తుంది కనుక, ఎప్పుడూ నడిచే సర్వీసులకు కావలసిన రీలోడ్ తంటా ఇక్కడ లేదు.

లాగ్‌లో లైన్ల వరుస తారుమారైంది. ఎర్రర్ ముందు, దానికి కారణమైన లైన్ వెనక.

బఫరింగ్. టెర్మినల్‌కు రాసేటప్పుడు ప్రోగ్రాం ప్రతి లైన్‌నూ వెంటనే వదులుతుంది. ఫైల్‌కో పైప్‌కో రాస్తే కొన్ని వేల బైట్లు పోగయ్యేదాకా స్టాండర్డ్ అవుట్‌పుట్‌ను దగ్గరే ఉంచుకుంటుంది. స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం ఆగదు. ప్రోగ్రాంను సిగ్నల్ 9తో చంపితే ఆ పోగు చేసుకున్నది పూర్తిగా పోతుంది. అందుకే ఎక్కడ ఆగిందో చెప్పాల్సిన ఆఖరి లైన్లే లాగ్‌లో ఉండవు. పైథాన్‌కు చిన్న యూ ఆప్షన్ ఇవ్వండి. సీ ప్రోగ్రాంలకు స్టడ్‌బఫ్‌తో లైన్ బఫరింగ్ పెట్టవచ్చు, స్టాటిక్‌గా లింక్ చేసినవాటి మీద మాత్రం అది పనిచేయదు.

చేత్తో నడిపితే పనిచేస్తుంది, క్రాన్‌లో చేయదు. మెయిల్‌లోని కోడ్‌ను ఎలా చదవాలి?

127 అంటే కమాండ్ దొరకలేదు. క్రాన్ ఇచ్చే పాత్ చాలా పొట్టి. డెబియన్‌లో యూజర్ క్రాన్‌ట్యాబ్‌కు /యూఎస్ఆర్/బిన్, /బిన్ మాత్రమే. మీ బాష్ సెట్టింగుల ఫైల్‌ను అది చదవదు. 126 అంటే ఫైల్ ఉంది గానీ నడిపే అనుమతి లేదు. 137 అంటే 128కి 9 కలిపినది, ఎవరో సిగ్నల్ 9తో చంపారు. మెమరీ చాలక కెర్నలే చంపిందేమో, సిస్టమ్ లాగ్ (జర్నల్) చూపే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌కు చిన్న కే ఆప్షన్ ఇచ్చి చూడండి. 143 అంటే సిగ్నల్ 15, మర్యాదగా ఆపమన్నారు. 139 అంటే సెగ్మెంటేషన్ ఫాల్ట్.

క్రాన్ పరిస్థితిని టెర్మినల్‌లోనే తెచ్చుకోవాలంటే ఎన్వ్ కమాండ్‌కు చిన్న ఐ ఆప్షన్ ఇచ్చి వాతావరణమంతా తుడిచేయండి. తర్వాత హోం, లాగ్‌నేమ్, షెల్, పొట్టి పాత్ మాత్రమే పెట్టి /బిన్/ఎస్‌హెచ్ ద్వారా స్క్రిప్ట్ నడపండి. రాత్రి వచ్చే ఎర్రర్ చాలావరకు అక్కడే వచ్చేస్తుంది.

పని మొదలైందా లేదా అన్నది ఎక్కడ చూడాలి?

జర్నల్‌సీటీఎల్ చిన్న యూ ఆప్షన్‌తో. యూనిట్ పేరు డెబియన్, ఉబుంటులలో క్రాన్; ఫెడోరా, రెడ్ హ్యాట్ వైపు క్రాండ్. రెడ్ హ్యాట్ వైపు /వార్/లాగ్/క్రాన్ ఫైల్ కూడా ఉంటుంది. డెబియన్ 12 నుంచి, లాగ్‌లను ఫైళ్లలో రాసే ఆర్‌సిస్‌లాగ్ దానంతట అది ఇన్‌స్టాల్ కాదు కాబట్టి, సిస్‌లాగ్ ఫైల్ కోసం వెతికి లేదని కంగారు పడకండి.

డెబియన్ క్రాన్ మామూలుగా పని ప్రారంభాన్ని మాత్రమే రాస్తుంది. /ఈటీసీ/డిఫాల్ట్/క్రాన్‌లో అదనపు ఆప్షన్ల లైన్‌కు పెద్ద ఎల్, 5 ఇస్తే (1 ప్రారంభం, 4 విఫలమైనవి) సున్నా కాని కోడ్‌తో ముగిసిన పనులూ లాగ్‌లోకి వస్తాయి. ఒక్క లైన్ మార్పుకు ఇంత లాభం మరెక్కడా రాదు.

/ఈటీసీ/క్రాన్.డైలీలో స్క్రిప్ట్ పెట్టాం. నడవదు, ఎర్రర్ కూడా లేదు.

పేరులో చుక్క ఉందా? ఆ డైరెక్టరీలోని స్క్రిప్ట్‌లను నడిపే డెబియన్ రన్-పార్ట్స్ చుక్క ఉన్న ఫైళ్లను మాట్లాడకుండా వదిలేస్తుంది. చివరి ".ఎస్‌హెచ్" తీసేయండి, నడిపే అనుమతి ఇవ్వండి, రన్-పార్ట్స్‌కు టెస్ట్ ఆప్షన్ ఇచ్చి జాబితాలో పేరు వచ్చిందో లేదో చూడండి.

కర్ల్ (వెబ్ చిరునామాలను పిలిచేది), ఆర్‌సింక్ (ఫైళ్లను వేరేచోటికి కాపీ చేసేది), టార్ (ఫైళ్లను ఒకటిగా కట్టేది) అనవసరంగా గొడవ చేస్తున్నాయి.

కర్ల్ తన ప్రగతి పట్టికను స్టాండర్డ్ ఎర్రర్‌లో రాస్తుంది కాబట్టి మెయిల్ వస్తుంది. చిన్న ఎస్ ఇస్తే పట్టికతో పాటు ఎర్రర్లూ పోతాయి. పక్కనే పెద్ద ఎస్ ఇస్తే ఎర్రర్లు తిరిగొస్తాయి. చిన్న ఎఫ్ కూడా కావాలి. అది లేకపోతే అవతలి సర్వర్ 404 అన్నా 500 అన్నా కర్ల్ సున్నాతో ముగుస్తుంది. ఉంటే 22 ఇస్తుంది. ఈ మూడూ కలిపే రాయండి.

ఆర్‌సింక్ 24 అంటే జాబితా రాశాక కొన్ని ఫైళ్లు మాయమయ్యాయని. నడుస్తున్న సర్వర్‌లో అది సహజం, స్క్రిప్ట్‌లో ఆ ఒక్క కోడ్‌ను క్షమించవచ్చు. 23ను క్షమించకండి, కొన్ని ఫైళ్లు చేరలేదని దానర్థం. జీఎన్‌యూ టార్ 1 ఇస్తే, చదువుతుండగా ఏదో ఫైల్ మారిందని. లాగ్ ఫైల్ అయితే ఫర్వాలేదు, డేటాబేస్ ఫైల్ అయితే ఆ కాపీ పనికిరాదు.

ముందు పని ముగియకముందే రెండోది మొదలవుతోంది.

తాళం వేసే ఫ్లాక్ కమాండ్‌కు చిన్న ఎన్ ఆప్షన్, ఒక లాక్ ఫైల్, ఆ తర్వాత కమాండ్ ఇవ్వండి. తాళం దొరక్కపోతే అది వెంటనే 1తో, మాట లేకుండా వెనుదిరుగుతుంది. పెద్ద ఈ ఆప్షన్‌తో ఆ కోడ్‌ను 75 లాంటి వేరే అంకెగా మార్చుకుంటే, పని విఫలమైందో, వంతు రాలేదో విడిగా తెలుస్తుంది. లోపల, గడువు దాటిన పనిని ఆపే టైమౌట్ కమాండ్ కూడా పెట్టండి. లేకపోతే ఇరుక్కుపోయిన ఒక్క పని తాళం పట్టుకుని కూర్చుని, తర్వాతివన్నీ ఆగిపోతాయి. గడువు దాటితే టైమౌట్ 124 ఇస్తుంది.

క్రాన్ బదులు సిస్టమ్‌డి (లినక్స్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రాం) టైమర్లకు మారితే ఈ తలనొప్పులు పోతాయా?

కొన్ని పోతాయి. అవుట్‌పుట్ మొత్తం సమయంతో సహా జర్నల్‌లోకి వెళ్తుంది, ఎగ్జిట్ కోడ్ గుర్తుంటుంది, సిస్టమ్‌సీటీఎల్‌కు ఫెయిల్డ్ ఆప్షన్ ఇస్తే విఫలమైనవన్నీ ఒకచోట కనిపిస్తాయి. పర్సిస్టెంట్ (మొదటి అక్షరం పెద్దది) ఆన్ చేస్తే, మెషీన్ ఆగి ఉన్నప్పుడు తప్పిపోయిన పనిని లేచాక నడుపుతుంది. కానీ తనంతట తాను మెయిల్ పంపదు. సర్వీస్ యూనిట్‌లో ఆన్‌ఫెయిల్యూర్ (రెండు మాటల మొదటి అక్షరాలూ పెద్దవి) లైన్ పెట్టి, మెయిల్ పంపే ఇంకో యూనిట్‌ను మీరే కట్టాలి. అది కట్టకుండా క్రాన్ నుంచి మారితే, ఉన్న మెయిల్ కూడా పోగొట్టుకున్నట్టే.

ఇంకో ఉచ్చు ఉంది. జర్నల్‌లో ఎర్రర్ స్థాయి లైన్లను మాత్రమే చూపమంటే మీ స్క్రిప్ట్ ఎర్రర్లు రావు. స్టాండర్డ్ ఎర్రర్‌లో రాసినా అన్నిటికీ ఇన్ఫో స్థాయే పడుతుంది. లైన్ మొదట "<3>" అని రాస్తే సిస్టమ్‌డి దాన్ని ఎర్రర్‌గా గుర్తిస్తుంది. ఆ గుర్తును తీసేసి మిగిలినది జర్నల్‌లో పెడుతుంది. క్రాన్‌లోనే ఉండి జర్నల్ వాడాలనుకుంటే లాగర్ కమాండ్‌కు చిన్న టీతో ఒక పేరు, చిన్న పీతో స్థాయి ఇవ్వండి. దానికి పైప్ చేస్తే మాత్రం పైన చెప్పిన ఎగ్జిట్ కోడ్ చిక్కు మళ్లీ వస్తుంది.

క్రాన్ మెయిల్‌లో తెలుగు అక్షరాలు పిచ్చి గుర్తులుగా వస్తున్నాయి.

ఇక్కడ రెండు వేర్వేరు లోపాలు ఉంటాయి. పని నడిచే వాతావరణంలో ల్యాంగ్ విలువ లేకపోతే, ప్రోగ్రాంలు సీ లొకేల్‌లో (ఇంగ్లిష్ అక్షరాలే తెలిసిన భాషా సెట్టింగ్‌లో) నడిచి తెలుగు ఫైల్ పేర్ల దగ్గర తడబడతాయి. క్రాన్‌ట్యాబ్ పైన ల్యాంగ్‌కు సీ.యూటీఎఫ్-8 (పెద్దక్షరాల్లో) పెట్టండి. ఆ తర్వాత కూడా మెయిల్ చెడిపోవచ్చు, ఎందుకంటే మెయిల్ హెడర్‌లో అక్షర సంకేతం రాసేది క్రాన్, తాను మొదలైనప్పటి లొకేల్ చూసి. హెడర్‌లో "యాన్సీ_ఎక్స్3.4-1968" అని కనిపిస్తే క్రాన్ ఆ మెయిల్‌ను వట్టి ఆస్కీ అనుకుందని అర్థం. క్రాన్‌ట్యాబ్‌లో కంటెంట్_టైప్ వేరియబుల్‌కు ప్లెయిన్ టెక్స్ట్, యూటీఎఫ్-8 అని విలువ ఇస్తే కుదురుతుంది.

పని అసలు మొదలే కాకపోతే? అప్పుడు ఎర్రర్ ఎవరు చెబుతారు?

ఎవరూ చెప్పరు. క్రాన్ ఆగిపోయినా, సర్వర్ పడిపోయినా, ఎవరో లైన్ ముందు "#" పెట్టి తీయడం మరచినా, పైన చెప్పినవేవీ పనికిరావు. మాట రాలేదు కాబట్టి అంతా బాగుందనుకునే పద్ధతికి ఉన్న ఒకే బలహీనత ఇది. దీన్ని పూడ్చాలంటే కాపలా వేరే మెషీన్‌లో ఉండాలి.

హెల్త్‌చెక్స్ లాంటి సేవ (సొంతంగా కూడా నడుపుకోవచ్చు) మీ పనికి ఒక వెబ్ చిరునామా ఇస్తుంది. పని చివర "&&" పెట్టి కర్ల్‌తో ఆ చిరునామాను తట్టండి. అనుకున్న గడువులో తట్టు రాకపోతే అది మిమ్మల్ని పిలుస్తుంది. కర్ల్‌కు పది సెకన్ల గడువు పెట్టండి, కాపలాదారు కోసం బ్యాకప్ ఆగకూడదు. బయటి సేవ వద్దనుకుంటే, బ్యాకప్ చేరే మెషీన్‌లోనే ఫైండ్ కమాండ్‌తో ఆఖరి ఫైల్ వయసు చూసే చిన్న పని రాయండి. రోజువారీ బ్యాకప్‌కు 1560 నిమిషాలు, అంటే 26 గంటలు దాటితే అరవమనండి. 24 అని పెడితే కాస్త ఆలస్యమైన ప్రతి రాత్రీ అరుస్తుంది.

లాగ్‌లో సమయం మనం పెట్టిన దానికి సరిపోవడం లేదు.

క్లౌడ్ సర్వర్లు చాలావరకు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తాయి. మన రాత్రి 2:30 అక్కడ ముందు రోజు 21:00. వారం కూడా మారుతుంది: మన సోమవారం తెల్లవారుజాము పనికి అక్కడ ఆదివారం రాయాలి. రెడ్ హ్యాట్ వైపు వాడే క్రోనీ అన్న క్రాన్‌లో, టైమ్‌జోన్ చెప్పే క్రాన్_టీజెడ్ వేరియబుల్ ఉంది, డెబియన్ మామూలు క్రాన్‌లో అది పనిచేయదు. మెషీన్ టైమ్‌జోనే మార్చేస్తే, మార్చాక క్రాన్‌ను రీస్టార్ట్ చేయండి.

కమాండ్ లైన్‌లోనే పాస్‌వర్డ్ రాయవచ్చా?

రాయకండి. క్రాన్ కమాండ్ మొత్తాన్ని మెయిల్ సబ్జెక్ట్‌లో పెడుతుంది, లాగ్‌లోనూ రాస్తుంది, పని నడుస్తున్నంతసేపూ, నడిచే ప్రోగ్రాంలను చూపే పీఎస్ జాబితాలోనూ అది కనిపిస్తుంది. క్రాన్‌ట్యాబ్ పైన వేరియబుల్‌గా పెట్టినా మెయిల్ హెడర్లలోకి చేరవచ్చు. 600 అనుమతులున్న ఫైల్‌లో పెట్టి స్క్రిప్ట్ లోపల చదివించండి. మైఎస్‌క్యూఎల్‌కు .మై.సీఎన్‌ఎఫ్, పోస్ట్‌గ్రెస్‌కు .పీజీపాస్ ఇందుకే ఉన్నాయి. ఇప్పటికే క్రాన్‌ట్యాబ్‌లో పాస్‌వర్డ్ ఉంటే లైన్ మార్చడంతో సరిపోదు, పాత మెయిళ్లలో, లాగ్‌లలో అది ఇంకా ఉంటుంది కాబట్టి పాస్‌వర్డ్ కూడా మార్చాలి.